రాత్రికి ఎవరుంటరు?

పోస్టు కొంచెం పొడుగైంది. సగం చదివి లైకు కొట్టి పోయేకంటే, మొత్తం చదివి తిట్టిపోయినా మాకు సంతోషమే.

మేము నలుగురం. ఇద్దరం కోయ, ఒకరం గోండు, ఒకరం లంబాడా. ఓయూలో చదువులు వేర్వేరు. హాస్టల్లో సీటు దొరికింది ఇద్దరికే, మిగతా ఇద్దరికి తార్నాక గల్లీలో ఒక రేకుల రూము. కానీ నలుగురం తినేది ఆ రూములనే, ఒకటే కుక్కర్ల. పగలంతా క్యాంపస్ లైబ్రరీ, రాత్రి పదకొండుకు మెట్రో పిల్లర్ల కింద చాయ్. ఈ బతుకు మీలో చాలామందికి తెలిసిందే.

ఈసారి మాలో ఒకడికి ఉద్యోగం వచ్చింది. 11,062 పోస్టులకు పడ్డ 2024 డీఎస్సీలో ఎస్జీటీ కొట్టిండు. అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రం తీసుకొని రూముకు వస్తే, ఆ కాగితాన్ని కుక్కర్ పక్కన పెట్టి ఫొటో దిగినం. ఆరేండ్లు వానికి అన్నం పెట్టింది అదే కదా! ఆ రాత్రి బిర్యానీ ఖర్చు వాడిదే.

తర్వాత పోస్టింగుల కౌన్సెలింగ్. వాని ర్యాంకు వచ్చేసరికి దగ్గరి బడులు అయిపోయినయి. మిగిలినవాటిలో మాకు తెలిసినవి రెండు. ఒకటి తారు రోడ్డు పక్కన, మండల కేంద్రానికి తొమ్మిది కిలోమీటర్లు. ఇంకోటి వాగు అవతల. మాలో ఇద్దరం ఓనమాలు దిద్దిన బడి అది, వాని బడి కూడా అదే. వాడు రోడ్డు పక్కది రాసిచ్చిండు.

మేము ఊరుకోలే. సామాన్లు తీస్కపోవడానికి రూముకు వచ్చిన రోజు పట్టుకున్నం. "నువ్వే పోకపోతే ఇంకెవడు పోతడురా ఆ బడికి? మూడో నంబరు జీవో అని ఇన్ని ధర్నాలల్ల కూసున్నవ్, ఆర్ట్స్ కాలేజీ ముంగట మైకు పట్టుకొని మాట్లాడినవ్, తీరా చాన్సు వస్తే రోడ్డు పక్కకు పోయినవ్." వాడు పప్పు కలుపుకుంట నిమ్మళంగా అన్నడు: "మీరు ఈ మాట తార్నాకల కూసొని చెప్తున్నరు."

ఆ మాట మాకు నెల రోజులు అరగలేదు. ఈ పోస్టు దాని గురించే.

మైదానం దోస్తులకు చెప్తే నమ్మరు గానీ, వాన పడితే మా ఊరు దీవి. ఉపమానం చెప్పడం లేదు, నిజంగనే దీవి. సముద్రంల ఉన్న దీవికి పడవన్నా పోతది. మా వాగు ఉరికితే పడవ పోదు, తెప్ప పోదు, మనిషి పోడు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు టీవీలన్నీ చూపించినయి. ఏటా టీవీలు రాని చిన్న వాగులు ఎన్ని ఊర్లను ఎన్ని రోజులు కోసేస్తయో మనకే తెలుసు. అట్లాంటి ఊర్లో టీచరు, నర్సమ్మ, డాక్టరు ఎట్ల ఉండాలె, అసలు ఎవరు పోవాలె అన్నది ప్రపంచంలో కొండలు, దీవులు ఉన్న ప్రతి దేశానికి ఉన్న పంచాయితే. మన దగ్గర ఆ పంచాయితీకి ఒక జీవో నంబరు ఉన్నది, అంతే తేడా.

ముందు మా బడి సంగతి చెప్తం. పేరు రాయం, ఆ సారు ఇంకా సర్వీసుల ఉన్నడు. సోమవారం మధ్యాహ్నం వచ్చేటోడు, గురువారం పొద్దున పోయేటోడు. వానాకాలంల ఆ మూడు రోజులు కూడా ఒక్కరోజు అయితుండె. చిన్నప్పుడు ఆయనను దొంగ సారు అని పిలిచేటోళ్లం. ఇప్పుడు అట్ల అనబుద్ధి కాదు. ఆయన ఇల్లు డెబ్బై కిలోమీటర్ల అవతల టౌనుల. బస్సు దిగితే సైకిలు, సైకిలు ఆపితే నడక, నడక అయినంక వాగు. ఊర్ల కిరాయికి ఇల్లు దొరకదు, మాకే ఇంటిల్లిపాదికి ఒక్క గుడిసె. ఒకసారి బడి వరండల పండుకుంటే జెర్రి కుట్టింది. మా అవ్వ పసరు కట్టింది. ఆ తర్వాత ఆయన రాత్రికి ఎన్నడూ ఉండలేదు.

ఇంకో సంగతి. ఒకటో తరగతి పోరడు "ఏరు, ఏరు" అని ఏడుస్తుంటే, వాగుకు పోతానంటున్నడేమో అనుకొని సారు వాణ్ని గట్టిగ కూసోబెట్టిండు. కోయల ఏరు అంటే నీళ్లు. పోరనికి దూప అయితుండె. మేము ఈ ముచ్చట హాస్టల్లో చెప్పుకొని నవ్వుతం. వాని గొంతు ఆ పూట ఎండిపోయింది మాత్రం నిజం.

ఇప్పుడు జీవో. 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో ఎంఎస్ నంబర్ 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని. అంతకు ముందు 1986లో 275 నంబరుతో ఇట్లాంటిదే వచ్చింది కానీ కోర్టుల్లో నిలవలేదు. మనం మూడో నంబరు జీవోను ఎప్పుడూ ఉద్యోగాల హక్కుగానే మాట్లాడుతాం, కరపత్రాల్లో కూడా అంతే రాస్తాం. జీవోలో రాసుకున్న కారణాల్లో ఒకదాన్ని మనం పెద్దగా పట్టించుకోం: ఏజెన్సీ బడుల్లో టీచర్లు విపరీతంగా గైర్హాజరు కావడం. అంటే ప్రభుత్వమే కాగితం మీద ఒప్పుకున్నది, మేము పంపినోళ్లు ఉంటలేరు, అందుకే ఉండేటోళ్లను తీసుకుంటున్నం అని. మా నిరుద్యోగం చూసి జాలిపడి ఇచ్చిన జీవో కాదది. ఖాళీ బడికి మనిషిని వెతుక్కుంట వెతుక్కుంట మా దగ్గరికి వచ్చిన జీవో.

ఇరవై ఏండ్లు నడిచింది. 2020 ఏప్రిల్ 22న పోయింది. అప్పుడు లాక్‌డౌన్, హాస్టళ్లు ఖాళీ చేయించినరు, అందరం ఊర్లల్ల ఉన్నం. సిగ్నల్ కావాలంటే ఇప్పచెట్ల గుట్ట ఎక్కాలె. పప్పు చేసుకుంట మాకు బుద్ధి చెప్పిన ఈ దోస్తే ఆ రోజు గుట్ట మీద నుంచి ఫోన్ చేసి "జీవో కొట్టేసినరంట" అన్నడు. కాసేపు ఇద్దరి దిక్కు సప్పుడు లేదు. వాడు అప్పటికి డీఎడ్ అయిపోయి రెండేండ్లు.

చేబ్రోలు లీలా ప్రసాదరావు కేసు అది. జస్టిస్ అరుణ్ మిశ్రా నేతృత్వంలో ఐదుగురు జడ్జీల ధర్మాసనం. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమన్నది, ఐదో షెడ్యూల్ కింద గవర్నర్‌కు ఉన్న అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోదన్నది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు తీయొద్దు, కానీ ఈ తప్పు మళ్లీ చేయొద్దని రెండు రాష్ట్రాలను హెచ్చరించి, 5 లక్షల రూపాయల ఖర్చులు కూడా వేసింది. తీర్పులో మనల్ని బాగా గుచ్చిన మాట ఇంకోటి ఉంది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనడం ఏవగింపు పుట్టించే ఆలోచన అన్న అర్థంలో రాశారు. అక్కడే ఉంటున్న గిరిజనేతరులు ఎందుకు చెప్పకూడదని అడిగారు.

ఆ ప్రశ్నకు కోపంతో కాకుండా జవాబు చెప్పాలని మేము చాలా రాత్రులు కూసున్నం. మాలో గోండు తమ్మునికి మూడో తరగతి దాకా చెప్పిన సారు గిరిజనుడు కాదు. కరీంనగర్ దిక్కు మనిషి. పదకొండేండ్లు ఆ గూడెంలనే ఉన్నడు, గోండి నేర్చుకున్నడు, దండారికి గుస్సాడీలతో పాటు తిరిగేటోడు. ఆయన బదిలీ అయితే ఊరు ఊరంతా బస్సు దాకా నడిచింది. అట్లాంటి మనిషిని వద్దనేటోడు మన జాతిల ఎవడూ లేడు. పుట్టుకను బట్టి చదువు చెప్పడం వస్తదని మేము అంటలేము. కానీ అట్లాంటి సారు వెయ్యిమందిల ఒకడు. వెయ్యిమందిల ఒకని మీద ఆశ పెట్టుకొని మిగతా 999 బడులు నడుస్తయా?

ఇంకో మాట కూడా అనిపించింది. ఎక్కడా చదివింది కాదు, మా రూముల పుట్టిన అనుమానమే. ఆశా కార్యకర్త ఉన్నది కదా. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పటి నుంచి రూలు ఏందంటే ఆ అక్క ఆ ఊరి మనిషే అయి ఉండాలె. అంగన్‌వాడీ టీచరూ అంతే, స్థానికురాలే కావాలె. ఎందుకు? రాత్రి రెండింటికి నొప్పులు వస్తే ఊర్ల ఉన్న మనిషే లేస్తది కాబట్టి. ఈ రూలు మీద ఎవరైనా సమానత్వం పోయిందని సుప్రీంకోర్టు దాకా పోయినరా? మాకైతే తెలియదు. ఎందుకు పోతరు, అక్కడున్నది పారితోషికం, గౌరవ వేతనం. జీతం తక్కువ ఉన్న చోట "ఊరి మనిషే కావాలె" అంటే అందరికీ మంచిగ వినపడతది. స్కేలు, పింఛను ఉన్న చోట అదే మాట అంటే తప్పు అయితది. లాయరు దోస్తులు ఈ రెండూ చట్టం ముందు ఒకటి కావని చెప్తరు. కావొచ్చు. మా కండ్లకు మాత్రం వరుసగా కనపడుతున్నయి.

ఇక జీవో పోయినంక స్థానికత అంటే ఏంది? జిల్లా. ఎస్జీటీ జిల్లా కేడర్ పోస్టు, 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం ఆ జిల్లా స్థానికులకు. వినడానికి బాగుంది. కానీ జిల్లా టౌనుల పుట్టినోడూ స్థానికుడే, వాగు అవతల పుట్టినోడూ స్థానికుడే. కౌన్సెలింగ్ ర్యాంకు ప్రకారం నడుస్తది. మంచి ర్యాంకోళ్లు హైవే పొంటి బడులు ఎంచుకుంటరు, తీగ లాగినట్టు జాబితా లోపలికి పోయి పోయి, చివరి ర్యాంకోనికి చివరి గూడెం మిగులుతది. వాడు కూడా ఎప్పుడు బయటపడుదునా అనుకుంటనే చేరుతడు. ఇంకో చిత్రం ఏందంటే, స్థానికత చూసేది ఒకటి నుంచి ఏడు తరగతులు చదివిన చోటును బట్టి. మన పిల్లల్లో ఎంతమంది చిన్నప్పుడే వేరే జిల్లా గురుకులాలకు పోయినరు? ఊర్ల బడి నడవదని పోయినోడు, అదే కారణంతో ఆ ఊరికి నాన్‌లోకల్ అయిపోతడు.

పైసల లెక్క చూడండి. తెలంగాణలో ఇప్పుడు నడుస్తున్న పీఆర్సీలో ఇంటి అద్దె భత్యం హైదరాబాద్‌లో ఉండేటోళ్లకు 24 శాతం. మన మారుమూల ఊర్లకు 11 శాతం, అన్నిటికన్నా కింది మెట్టు. పల్లెల కిరాయి తక్కువ కదా అని లెక్క. కిరాయి తక్కువే, ఇల్లే లేదు! ఇల్లు లేని ఊర్ల ఇంటద్దె ఎంత శాతం ఇస్తే ఏం ఫాయిదా? అందుకే టీచరు టౌనుల కిరాయి కట్టుకొని పెట్రోలు పోసుకొని తిరుగుతడు.

బదిలీల పాయింట్లు ఇంకా విచిత్రం. ఎంత మారుమూల బడిల పనిచేస్తే అన్ని ఎక్కువ పాయింట్లు. ఆ పాయింట్లు దేనికి పనికొస్తయి? మంచి చోటికి బదిలీ కావడానికి. అంటే మా ఊర్ల ఉన్నందుకు ఇచ్చే బహుమానం, మా ఊరు విడిచిపోయే టికెట్టు. మైదానం నుంచి వచ్చిన సారు ఏండ్లు లెక్కపెట్టుకుంట ఉంటడు, జైలుల రోజులు గీసినట్టు. ఈ పద్ధతి పెట్టినోళ్లను చెడ్డోళ్లని అనలేం. ఎవడో ఒకడు ఎల్లకాలం అడవిలనే ఉండాలంటే అన్యాయమే కదా. కాకపోతే ఉండేటోళ్లు ఇంకొన్నేండ్లు ఉండేటట్టు చేసేది ఈ మొత్తం లెక్కల ఒక్కటీ లేదు.

ఆశ్రమ పాఠశాలల్లో సీఆర్టీ అన్నలు, అక్కలు ఉన్నరు. కాంట్రాక్టు మీద ఏండ్ల తరబడి, చాలామంది మనోళ్లే. నిజానికి ఉండే మనుషులు వాళ్లే. పర్మినెంటు చేయమని అడిగీ అడిగీ అలిసిపోతున్నరు. ఉండనోనికి స్కేలు, ఉండేటోనికి కాంట్రాక్టు.

ఇప్పుడు మా క్యాంపస్ సంగతికి వస్తం. ఓయూలో చదివే మనోళ్లలో చాలామందికి తెలియని ముచ్చట ఇది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు, మానవ శాస్త్రవేత్త. తర్వాత ఇదే ఉస్మానియాలో ప్రొఫెసరుగా కూడా పనిచేసిండు. మనం పొద్దుగాల చాయ్ తాగి నడిచే ఈ చెట్ల కిందనే ఆయన కూడా నడిచి ఉంటడు. ఉస్మానియా అప్పట్లో ఉర్దూలో, అంటే ఇక్కడి భాషలో, యూనివర్సిటీ చదువు చెప్పి దేశానికి దారి చూపించిన చోటు. ఆయన కూడా గోండు పిల్లలకు గోండిలోనే మొదలుపెట్టాలన్నడు.

1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. అప్పటికి చదువొచ్చిన గోండులు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది, వాళ్లకు వచ్చింది కూడా మరాఠీ. డిగ్రీలు ఉన్నోళ్లు వచ్చేదాకా ఆగుదాం అనుకోలేదు. ఉన్న ఆ కొద్దిమందిని కూసోబెట్టి, దేవనాగరి లిపిల గోండి వాచకాలు చేసి, వాళ్లనే తిరిగి గూడేలకు టీచర్లుగా పంపినరు. ఎవరు ఎక్కడి మనిషో అక్కడికే. ఊరి మధ్యల శిక్షణ, ఊర్లనే కొలువు. వాళ్లు బదిలీ కోసం ఎక్కడికి అడుగుతరు? ఇల్లు అదే, పొలం అదే. కాలం మారినంక గోండి పోయింది, తెలుగు వచ్చింది, పథకం కలిసిపోయింది. మళ్లీ 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా, ఈ ఎనిమిది భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు వచ్చినయి. పుస్తకం వచ్చింది, దాన్ని చదివి చెప్పే మనిషి చాలా బడుల్లో లేడు. హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేసినరు. పోయినోళ్లు చూసే ఉంటరు.

మార్లవాయి లెక్కనే మనకు తెలియకుండ వేరే దేశాలు చేసుకున్నయి. జపాన్‌లో కొండలకు, దీవులకు డాక్టర్లు పోతలేరని 1972లో జిచి మెడికల్ యూనివర్సిటీ పెట్టినరు. మన రాష్ట్రాల లెక్కన వాళ్లకు ప్రిఫెక్చర్లు ఉంటయి, అవన్నీ కలిసి పెట్టినయి. ఒక్కో ప్రిఫెక్చర్ నుంచి ఇద్దరినో ముగ్గురినో తీసుకుంటరు. ఆరేండ్ల చదువుకు ఫీజు అప్పుగా ఇస్తరు. చదువయినంక తొమ్మిదేండ్లు సొంత ప్రిఫెక్చర్‌లో, కొండకు పంపితే కొండకు, దీవికి పంపితే దీవికి పోతే ఆ అప్పు మాఫీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2010లో ఒకసారి, 2021లో ఇంకోసారి ఇదే చెప్పింది: మారుమూలలో వైద్య సిబ్బంది నిలవాలంటే ముందుగా మారుమూల నుంచి వచ్చిన పిల్లలకు సీట్లు ఇవ్వండి, ఆ చదువును ఆ ప్రాంతాలకు దగ్గరగా పెట్టండి. అక్కడ పుట్టినోళ్లు అక్కడికి తిరిగి పోయే అవకాశం ఎక్కువని.

ఈ చివరి మాట దగ్గర మా నలుగురికీ గొంతుల పడింది. ఎందుకంటే మేము అక్కడ పుట్టినోళ్లమే. పోతున్నమా?

నిజం రాస్తం. ఐదో తరగతిల ఊరు విడిచినం. ఆశ్రమ బడి, గురుకులం, జూనియర్ కాలేజీ, డిగ్రీ, ఓయూ. పదిహేనేండ్ల నుంచి ఊరికి చుట్టాల లెక్క పోతున్నం. మా కోయ మాటలల్ల సగం తెలుగు, తెలుగుల సగం ఇంగ్లీషు. ఇరవైనాలుగు గంటలు కరెంటు అలవాటైంది. జ్వరమొస్తే పది నిమిషాలల్ల గోలి దొరుకుడు అలవాటైంది. మూడు వందల కిలోమీటర్ల దూరం తెచ్చి, పదేండ్లు పట్నంల నానబెట్టి, ఆ తర్వాత "మీ ఊరికి పో, సేవ చెయ్" అంటే మనిషి మనిషే కదా. మార్లవాయి పద్ధతికీ మన పద్ధతికీ అసలు తేడా ఇదే. వాళ్లను ఊరి నుంచి తెంపలేదు.

ఇంకొంచెం చేదు నిజం. మూడో నంబరు జీవో మీద ఉద్యోగం వచ్చిన మన అన్నలల్ల కూడా టౌనుల ఇల్లు కట్టుకొని అప్ అండ్ డౌన్ చేసేటోళ్లు ఉన్నరు. మాకు తెలిసిన ఒక అన్న ఇంటర్ చదివిన పోరనికి నెలకు కొన్ని వేలు ఇచ్చి తన బదులు బడిల కూసోబెట్టిండు. పోరడు మంచిగనే చెప్పిండు, అది వేరే సంగతి. ఇది బయటోళ్లు అంటే మనకు కోపమొస్తది, అందుకే మనమే అనుకోవాలె. జీవో స్థానిక గిరిజనుణ్ణి బడి దాకా తెచ్చింది, రాత్రికి ఉంచలేకపోయింది. అయినా ఒక మాట. అప్ అండ్ డౌన్ చేసే మన అన్న కూడా "ఏరు" అంటే నీళ్లు ఇస్తడు.

మా రూములనే ఇంకో గొడవ ఉంది, దాచిపెడితే పోస్టు అబద్ధమైతది. ఆ జీవోలో స్థానికుడు అంటే 1950 జనవరి 26 నుంచి తానో తల్లిదండ్రులో ఏజెన్సీలనే ఉన్నోడు. మా లంబాడా దోస్తు వాళ్ల తాత ఏ సంవత్సరం ఏ తండాకు వచ్చిండో కాగితం లేదు. వాని వాదన వానిది, మా ఇద్దరు కోయల వాదన మాది. ఉట్నూరు దిక్కు ఈ టీచర్ పోస్టుల మీదనే అన్నదమ్ములు ఎదురెదురు నిలబడ్డరు. ఈ పోస్టుల దాన్ని తెంచలేం. కానీ ఒకటి గమనించినం. పోస్టులు ఎవరికి రావాలన్న దాని మీద మేము నలుగురం రాత్రంతా కొట్లాడుతం. వాగు అవతలి బడి మీద ఎవరమూ కొట్లాడం. అది ఎవరికైనా ఇచ్చేస్తం!

సంక్రాంతి సెలవుల ముందు రోజు మేము ఇద్దరం దోస్తు బడికి పోయినం. మంచిగ చెప్తున్నడు. పిల్లలతో కోయల మాట్లాడుతున్నడు, రాత్రి మండల కేంద్రంల ఉంటున్నడు. సాయంత్రం బండి మీద వాగు దాకా తీస్కపోయిండు. నీళ్లు మోకాళ్ల లోతు కూడా లేవు. ఆ కాలంల దాన్ని చూస్తే ఎవరైనా నవ్వుతరు, దీనికా ఇంత కథ అని. అవతల బడి కనపడుతుండె. పక్క బడి నుంచి ఒక సారు డిప్యుటేషన్ మీద వారంల కొన్ని రోజులు వస్తడంట. మిగతా రోజులు ఎవరు చూస్తరు అంటే అంగన్‌వాడీ అక్క తన పిల్లలతో పాటు వీళ్లను కూడా కూసోబెడ్తదంట.

అక్కడ నిలబడి వాడు చెప్పిండు. మాకు తెలిసిన సంగతే, కానీ ఆ రోజు రూముల కొట్లాడేటప్పుడు మా ముగ్గురిల ఒక్కనికీ యాదికి రాలేదు. వాళ్ల అక్క కాన్పుకు ఈ వాగు దగ్గరనే ఆగింది. ఆగస్టు నెల. మంచం మీద మోసుకొచ్చినరు, నీళ్లు తగ్గేదాకా ఒడ్డున కూసున్నరు. తగ్గలేదు. "వచ్చే ఏడు నాకు పెండ్లి చేస్తరు," అన్నడు. "బడి దగ్గర ఒక రూము కట్టి, వాగు మీద బ్రిడ్జి ఏస్తే ఈ క్షణం రాసిస్త. లేకుంటే నా పెండ్లాన్ని ఇక్కడికి తీస్కరాను. మీరు తీస్కొస్తరా?"

మేము జవాబు చెప్పలేదు. బండి తిప్పుకొని వచ్చినం.

ఆ రోజు నుంచి మా అడిగే తీరు కొంచెం మారింది. జీవో కావాలె, మళ్లీ నిలబడే తీరుల చట్టం చేయాలె, అది వదిలేది లేదు. కానీ దాంతో పాటు అడగాల్సినవి ఎన్ని ఉన్నయో ధర్నాల్లో మనకే గుర్తుండదు. పోస్టుకన్న ముందు బడి పక్కన రెండు గదుల క్వార్టరు. వానాకాలం దాటని వాగుకు బ్రిడ్జి, ఎందుకంటే బ్రిడ్జి కూడా టీచర్ పోస్టే. కోయ, గోండి, కొలామి మాట్లాడొచ్చినోళ్లకు ఆ బడుల నియామకంల మార్కులు, వాళ్లు ఏ కులమైనా సరే. కరీంనగర్ సారుకు కూడా ఆ మార్కులు రావాలె. డీఎడ్ కాలేజీ హైదరాబాద్ దగ్గర కాదు, ఉట్నూరుల, భద్రాచలంల, ఏటూరునాగారంల. పాయింట్లు విడిచిపోవడానికే కాదు, ఉన్నందుకు కూడా ఏదో ఒకటి ఇవ్వాలె. జపాన్ లెక్క సొంత ఇష్టంతో రాసిచ్చే ఒప్పందం పెడితే, తొమ్మిదేండ్లు కాకున్నా ఐదేండ్లకు మా నలుగురిల ఇద్దరం ఇప్పుడే సంతకం పెడతమని అనుకున్నం. మిగతా ఇద్దరు ఆలోచిస్తమన్నరు. ఎవరెవరో అడగకండి.

ఇప్పుడు మీతో ఒక పని ఉంది. ఈ గ్రూపుల టీచర్లు, ఏఎన్ఎంలు, పంచాయతీ సెక్రటరీలు, ఫారెస్టు బీట్ ఆఫీసర్లు చాలామంది ఉన్నరు. మండలం వారీగా ఒక లెక్క తీద్దామనుకుంటున్నం, ఐటీడీఏ పీవో సార్లకు ఇవ్వడానికి. మీ పేరు వద్దు, బడి పేరు వద్దు, ఆఫీసు పేరు వద్దు. ఎవరినీ పట్టియ్యడానికి కాదు, మా దోస్తును కూడా ఈ లెక్కల రాసినం. మండలం పేరు, మీరు పనిచేసే ఊరికి రోడ్డు ఉన్నదా లేదా, ఆ ఊర్ల ఉండడానికి రూము దొరికిందా లేదా, రాత్రి ఎక్కడ పండుకుంటున్నరు. ఈ నాలుగే రాయండి. ఫిబ్రవరి ఆఖరు దాకా చూస్తం. మేము తార్నాకలనే ఉంటం, రాత్రి పదకొండుకు పిల్లర్ల కింద.